గంధం ఎప్పుడు మగవాడిదైంది?

1990లో ఫ్రాన్స్‌లో ఒక పరిమళానికి టీవీ ప్రకటన వచ్చింది. తెరనిండా పెద్ద హోటల్ ముఖభాగం. వరసల కొద్దీ మూసిన కిటికీలు. అవి ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. ప్రతి కిటికీలోనూ రాత్రి విందుకి తయారైనట్టున్న ఒక స్త్రీ కోపంతో ఊగిపోతూ ఎవరినో నిలదీస్తుంటుంది. వెనక ప్రొకోఫియెవ్ ‘రోమియో అండ్ జూలియట్’ బాలేలోని బరువైన సంగీతం. చివరికి స్త్రీలందరూ కిటికీ తలుపులు టపటపా కొడుతూ ఒకే మాట అరుస్తారు, ‘ఎగోయిస్త్’ అని. స్వార్థపరుడా అని అర్థం. వాళ్ళు తిడుతున్న మగవాడు ఎక్కడా కనిపించడు. ఒక చెయ్యి మాత్రం సీసాతో బయటికి వస్తుంది. ఆ సీసా పేరే ‘ఎగోయిస్త్’. తయారుచేసింది షనెల్ సంస్థ. ప్రకటన తీసింది జాఁ పోల్ గూద్. ఈ ఒక్క ప్రకటన కోసం బ్రెజిల్‌లో ఆ హోటల్ ముఖభాగాన్ని ప్రత్యేకంగా కట్టించారు. దీన్ని ఇప్పటికీ ప్రకటనల చరిత్రలో గొప్పదిగా చెప్పుకుంటారు.

సాహిత్య విద్యార్థినిగా నన్ను ఆపేసింది ఆ స్త్రీలు పలికే మాటలు. అవి 17వ శతాబ్దపు ఫ్రెంచి నాటకకర్త కోర్నెయ్ ‘ల సిద్’ నాటకంలో ఒక ముసలి వీరుడు తనకి జరిగిన అవమానానికి కుమిలిపోతూ చెప్పే మాటలకి పేరడీ. నాటకంలో ఆ మాటలు పురుషుడి నోట పలికినప్పుడు విషాదం. పరువు పోయిన యోధుడి ధర్మాగ్రహం. కిటికీలో నిలబడ్డ స్త్రీల నోట పలికేసరికి అవే హాస్యం అయ్యాయి. పైగా వాళ్ళ కోపం ఎంత పెరిగితే కనిపించని ఆ మగవాడి విలువ అంత పెరుగుతుంది. ఇంతమంది ఆడవాళ్ళని ఏడిపించినవాడంటే వాడిలో ఏదో ఉండే ఉంటుంది కదా అని చూసేవాళ్ళు అనుకోవాలి. స్త్రీల ఫిర్యాదునే సరుకుకి యోగ్యతాపత్రంగా మార్చిన ప్రకటన ఇది.

మన అలంకారశాస్త్రం చదువుకున్న వాళ్ళకి ఈ దృశ్యం కొత్తకాదు. భరతుడు చెప్పిన ఎనిమిది మంది నాయికల్లో ఒకామె ఖండిత. రాత్రంతా ఎదురుచూస్తే పొద్దున్నే మరొకామె గుర్తులతో ఇల్లు చేరిన నాయకుణ్ణి చూసి మండిపడే స్త్రీ. క్షేత్రయ్య పదాల్లో ఈ ఖండిత గొంతు మనం ఎన్నోసార్లు విన్నాం. ఒక తేడా ఉంది. మన పదాల్లో నాయకుడి ఒంటిమీది గంధం అతనిది కాదు, ఆ రెండో స్త్రీది. అతను తెచ్చుకున్న వాసనే అతన్ని పట్టిస్తుంది. షనెల్ నాయకుడికి ఆ భయం లేదు. వాసన అతని సొంతం. సీసాలో పోసి, పేరు పెట్టి, ధర కట్టి అతనికి ఇచ్చేశారు.

ఇంతకీ ఆ సీసాలో ఉన్నదేమిటి? గంధపుచెక్క, దాల్చినచెక్క, ధనియాలు, గులాబీ, వెనిల్లా. అమ్మకాల భాషలో దీన్ని ‘వుడీ స్పైసీ’ అంటారు. కలప వాసనా, దినుసుల ఘాటూ కలిసిన తరగతి. ఈ తరగతికి ఒక వ్యక్తిత్వాన్ని కూడా జత చేసి అమ్ముతారు. తక్కువ మాట్లాడేవాడు, లోతు తెలియనివాడు, అనుభవశాలి, చీకటి పడ్డాక బయటికి వచ్చేవాడు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేనివాడు. మగవాళ్ళ సాయంకాలపు పరిమళం అనగానే ఇప్పటికీ ఇదే బొమ్మ.

సాయంత్రానికి కొంత రసాయన కారణం ఉంది. నిమ్మ, నారింజ తొక్కల నూనెల్లోని అణువులు తేలికైనవి, ఇట్టే ఆవిరైపోతాయి. అందుకని పగటికి అవి. గంధంలోని శాంటలాల్ లాంటి అణువులు బరువైనవి, చర్మం మీద గంటల తరబడి నిలుస్తాయి. అందుకని రాత్రికి ఇవి. అంతవరకూ ఒప్పుకోవచ్చు. కానీ ఆ రాత్రిని మగవాడి పేర రాసింది రసాయనశాస్త్రం కాదు. పొద్దు గుంకేవేళకి స్నానం చేసి, పరిమళం పూసుకుని, ఎక్కడికి వెళ్తున్నావని అడిగేవాళ్ళు లేకుండా గుమ్మం దాటగలిగేది ఎవరు? అదే వేళకి అదే వాసనతో ఒక స్త్రీ గుమ్మం దాటితే వీధి ఏమంటుంది? మన కావ్యాల్లో సాయంత్రం అలంకరించుకున్న స్త్రీకి వాసకసజ్జిక అని పేరు. ఆమె అలంకారమంతా ఇంట్లో కూర్చుని ఎదురుచూడటానికే.

‘ఎగోయిస్త్’కి ఒక తల్లి ఉంది. 1926లో అదే షనెల్ సంస్థకి ఎర్నెస్ట్ బో అనే పరిమళకారుడు ‘బ్వా దెజీల్’ తయారుచేశాడు. 1921లో ప్రసిద్ధమైన ‘నంబర్ ఫైవ్’ చేసింది కూడా ఇతనే. ‘బ్వా దెజీల్’ అంటే ద్వీపాల కలప. దాని గుండె గంధపుచెక్క. అది స్త్రీల పరిమళం. కలప వాసనని ముందు పెట్టి స్త్రీల కోసం చేసిన తొలి పరిమళాల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. ఆ తర్వాత అరవై ఏళ్ళకి, 1987లో, షనెల్ పరిమళకారుడు జాక్ పోల్జ్ ‘బ్వా న్వార్’ అనే మగవాళ్ళ పరిమళం చేశాడు. నల్లకలప అని అర్థం. 1990లో అదే పేరు మార్చుకుని ‘ఎగోయిస్త్’గా వచ్చింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి వాసన చూసిన పరిమళ విమర్శకులు వీటి చుట్టరికం గురించి చాలాకాలంగా రాస్తున్నారు. తల్లి పేరులో అడవి ఉంది, కొడుకు పేరులో అహం ఉంది. ఒకే చెక్క స్త్రీ ఒంటిమీద దూరదేశపు కల అయితే మగవాడి ఒంటిమీద వ్యక్తిత్వం అయింది.

ఐరోపా చరిత్రలో ఈ విభజన మొదటినుంచీ ఉన్నది కాదు. 18వ శతాబ్దం దాకా రాజాస్థానాల్లో ఆడామగా ఇద్దరూ కస్తూరి, జవ్వాది, అంబర్ లాంటి బరువైన వాసనలు వాడారు. ఆ శతాబ్దం చివరికి ఈ జంతు సంబంధమైన పరిమళాల మీద ఏవగింపు పెరగడం, పలచటి పూలవాసనలు మర్యాదకి గుర్తు కావడం గురించి ఫ్రెంచి చరిత్రకారుడు అలాఁ కోర్బాఁ 1982లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశాడు. 19వ శతాబ్దపు మధ్యతరగతి మగవాడు దాదాపుగా పరిమళాన్నే వదిలేశాడు. సబ్బు, పొగాకు, మహా అయితే కాస్త కొలోన్. పరిమళం స్త్రీ బాధ్యత అయింది. ఆ స్త్రీకి మళ్ళీ ఒక గీత గీశారు. మర్యాదస్తురాలికి లేతపూల వాసన. బరువైన వాసన ‘అలాంటి’ స్త్రీలది.

పచోలీ ఆకు కథ ఇందుకు మంచి ఉదాహరణ. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువాలకి పురుగు పట్టకుండా మడతల్లో పచోలీ ఆకు వేసి ఐరోపాకి పంపేవారు. ఆ వాసన ఉంటేనే అసలైన భారతీయ శాలువా అని కొనేవాళ్ళు గుర్తుపట్టేవారు. శాలువాకి ఉన్నప్పుడు అది సంపదకి చిహ్నం. అదే వాసన కొద్దికాలానికి ఫ్రాన్స్‌లో వేశ్యల వాసనగా పేరుపడింది. ఇవాళ అదే పచోలీ మగవాళ్ళ సాయంకాలపు పరిమళాల్లో ‘గాంభీర్యం’ కోసం వాడతారు. ఆకు మారలేదు. దాన్ని పూసుకున్న శరీరాన్ని బట్టి పేరు మారింది.

మగవాణ్ణి మళ్ళీ పరిమళం వైపు తీసుకురావడానికి 20వ శతాబ్దంలో దొంగదారి ఒకటి కావలసి వచ్చింది. అది గడ్డం గీసుకోవడం. ‘సెంటు’ అంటే ఆడతనం, ‘ఆఫ్టర్ షేవ్’ అంటే ఆరోగ్యం. ఇక్కడ అమెరికా కథ ఒకటి చెప్పాలి. షుల్టన్ కంపెనీ పెట్టిన విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్ 1937లో తన మొదటి పరిమళాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. వాళ్ళ అమ్మ గులాబీరేకులూ దినుసులూ కలిపి ఇంట్లో జాడీలో ఉంచుకునే మిశ్రమం దానికి స్ఫూర్తి అని చెబుతారు. ఆ పరిమళం పేరు ‘ఓల్డ్ స్పైస్’. అది స్త్రీల కోసం చేసింది. మగవాళ్ళ ‘ఓల్డ్ స్పైస్’ వచ్చింది మరుసటి ఏడాది, 1938లో. సీసా మీద తెరచాప ఓడ బొమ్మ వేశారు. అమ్మ జాడీ ఓడెక్కి నావికుడిదైపోయింది. ఆ తెల్లసీసా మన మధ్యతరగతి ఇళ్ళలోనూ ఒక తరం పాటు నాన్నల అద్దం ముందు నిలబడి ఉంది. అందులో లవంగం వాసన ఒక తల్లి దాచుకున్న లవంగం అని మనలో ఎంతమందికి తెలుసు?

ఆ తర్వాత వచ్చిన పేర్లు వరసగా చూడండి. 1964లో ‘బ్రూట్’. ఫ్రెంచిలో ముడి, మోటు అని అర్థం. ఇంగ్లీషు చెవికి మృగం అని కూడా వినిపిస్తుంది. 1967లో ‘హై కరాటే’. వాసనకి మీదపడే స్త్రీల నుంచి ఆత్మరక్షణ ఎలా చేసుకోవాలో నేర్పే కాగితాన్ని ఆ సీసాతో పాటు ఇచ్చేవారు. 1981లో గ్రీకు పురాణంలోని రాక్షసబలుడి పేరుతో ‘ఆంతేయుస్’. 1982లో ‘ద్రక్కార్ న్వార్’, వైకింగ్ యోధుల ఓడ పేరు. పరిమళం పూసుకోవడం వల్ల మగతనానికి ఎక్కడ మచ్చ వస్తుందోనన్న భయం ఈ పేర్లన్నిటి వెనకా కనిపిస్తుంది. పేరు ఎంత మోటుగా ఉంటే లోపలి గులాబీని అంత భద్రంగా దాచవచ్చు. ‘ఎగోయిస్త్’లోనూ గులాబీ ఉందని మరిచిపోకండి.

వాసనకి స్వతహాగా లింగం లేదని చెప్పడానికి లవంగం ఒక్కటి చాలు. లవంగం ఘాటుకి కారణం యూజెనాల్ అనే అణువు. ఐరోపాలో కార్నేషన్ పూల వాసన తయారుచెయ్యాలన్నా ఆ అణువే కావాలి. 1927లో స్త్రీల కోసం వచ్చిన కారోన్ వారి ‘బెల్లోద్జియా’లో అది పువ్వు. మగవాళ్ళ ఆఫ్టర్ షేవ్‌లో అది దినుసు. 1977లో స్త్రీల కోసం వచ్చిన ఈవ్ సాఁ లోరాఁ ‘ఓపియం’లో మళ్ళీ ఆ లవంగమే, ఈసారి మత్తుగా, ‘ప్రాచ్యం’గా. నల్లమందు పేరు పెట్టి చైనా చరిత్రని అలంకారంగా వాడుకున్నందుకు దానికి అమెరికాలోని చైనీయుల నుంచి నిరసన ఎదురైంది. పశ్చిమదేశపు పురుషుడు తనలో దాచుకోవాల్సినవన్నీ కొంత స్త్రీ మీదా, కొంత తూర్పు దేశాల మీదా మోపాడు. గంధం ఈ రెండు పక్కలకీ చెందినది.

ఆ తూర్పు మనం. గంధపు నూనెకి ఆ రోజుల్లో ప్రపంచంలో పేరెన్నికగన్నది మైసూరు. 1792లో టిప్పు సుల్తాన్ గంధపుచెట్టుని రాజవృక్షంగా ప్రకటించాడని చెబుతారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఐరోపాకి చెక్క ఎగుమతి ఆగిపోవడంతో 1916లో మైసూరు సంస్థానం తానే నూనె తీయడం మొదలుపెట్టింది. పారిస్ సీసా మీద మాత్రం గంధం ఊరూ పేరూ లేని ‘ద్వీపం’. కాబట్టి పారిస్ గీసిన ఆడామగా గీత గంధం పుట్టిన చోట చెల్లుతుందా అని చూడటం మన పని.

తెలుగులో పరిమళం అనగానే మనకి గుర్తొచ్చే ఘట్టం మనుచరిత్రలోనిది. హిమాలయాల్లో దారితప్పిన ప్రవరుడి దగ్గరికి ఒక గాలి వీస్తుంది. కర్పూరమూ కస్తూరీ కలిసిన తాంబూలపు వాసన, మిగతా వాసనలన్నిటినీ కమ్మేసేంత దట్టంగా. ఇవాళ్టి దుకాణంలో అయితే ఈ వర్ణన మగవాళ్ళ అరలో పెట్టాల్సిందే. పెద్దన మాత్రం దాన్ని వరూధిని ఉనికికి ఆనవాలు చేశాడు. లేత పూలవాసన కాదు, ఘాటైన, బరువైన, తన రాకని తానే చాటే వాసన ఒక స్త్రీది. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రవరుడు హిమాలయాలకి వచ్చింది సిద్ధుడు ఇచ్చిన పాదలేపం మహిమ వల్ల. ఆ కథలో మగవాడి లేపనం దూరాలు దాటించడానికి. ఆడదాని లేపనం తానున్న చోటుని తెలియజెయ్యడానికి. లేపనం పంచుకోవడంలో తేడా లేదు, కదలికలో ఉంది. దేవతాస్త్రీ కాబట్టి వరూధిని తన కోరికని అంత దట్టంగా గాల్లోకి వదలగలిగింది. అలా వదిలినందుకు కావ్యం ఆమెని ఎంత ఏడిపించిందో కూడా మనకి తెలుసు.

కావ్యలోకం వదిలి చరిత్రలోకి వస్తే కొండవీటి కుమారగిరి రెడ్డి ఉన్నాడు. 1386 నుంచి 1402 దాకా పాలించినవాడు. వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లిన ఇతన్ని కర్పూర వసంతరాయలు అన్నారు. ఆ ఉత్సవాలకి సరుకు తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం ఇతనికే అంకితమిచ్చి, ఇతను ఏ దేశం నుంచి ఏం తెప్పించేవాడో చెప్పాడు. పంజార నుంచి కర్పూరం, గోవా నుంచి జవ్వాది, భోట దేశం నుంచి కస్తూరి. ఇక్కడ పరిమళం రాజుది, రాజ్యానిది, వర్తకానిది. దాన్ని పీల్చే గుంపులో ఆడామగా కలిసే ఉన్నారు. అయినా పేరు రాజుకి దక్కింది, పద్యం సెట్టికి దక్కింది. ఆ ఉత్సవంలో ఆడిన నర్తకి లకుమ మనకి రాజు పక్కన ఒక నీడగానే మిగిలింది. కర్పూరం నూరిన చేతుల పేర్లు అసలే లేవు.

గంధానికి మన దగ్గర ఉన్న గుణం చల్లదనం. సింహాచలంలో ఉగ్రనరసింహుణ్ణి ఏడాది పొడుగునా చందనంతో కప్పి ఉంచుతారు. వైశాఖంలో అక్షయతృతీయ నాడు మాత్రమే ఆ పూత తీసి నిజరూపదర్శనం. మగదేవుడి ఉగ్రతని గంధం శమింపజేస్తుందని నమ్మకం. విరహంతో తపించే నాయికకి చెలికత్తెలు పూసేదీ గంధమే. ఇదే చెక్క పారిస్ ప్రకటనలో మగవాడి వేడికీ, అధికారానికీ గుర్తు. ఒక నేల మీద పురుషోగ్రతకి మందు అయినది ఇంకో నేల మీద దానికే ఆభరణం అయింది.

అయితే మన సంప్రదాయం గంధాన్ని ఆడవాళ్ళకి ఉదారంగా పంచిందని మురిసిపోవడానికి లేదు. పేరంటంలో కాళ్ళకి పసుపు, నుదుట కుంకుమ, మెడకి గంధం, చేతికి తాంబూలం. కలప వాసనని ఒక స్త్రీ ఇంకో స్త్రీ మెడకి తన చేత్తో పూసే ఇంత అందమైన ఆచారం నాకు మరొకటి తెలియదు. భర్త పోయిన నాటి నుంచీ ఆ చెయ్యి ఆగిపోతుంది. మా నాయనమ్మకి ఇరవైనాలుగో ఏట భర్త పోయాడు. శ్రావణ శుక్రవారాల్లో సాన మీద గంధం తీసేది ఆవిడే. గంధం మెత్తగా, పలచన కాకుండా తీయడం ఆ ఇంట్లో ఇంకెవరికీ వచ్చేది కాదు. గిన్నె ముందుగదిలోకి వెళ్ళేది, ఆవిడ వెళ్ళేది కాదు. గంధం తీయగానే చేతులు కడిగేసుకునేది, అంటుకున్న వాసన కూడా తనకి చెందదన్నంత తొందరగా. మర్నాడు పొద్దున్న సాన మాత్రం వాసన వేస్తూ ఉండేది.

పెళ్ళయిన స్త్రీకి గంధం భర్త బతికున్నాడనడానికి గుర్తు. విధవకి అది నిషేధం. మూడో స్త్రీ కూడా ఉంది. కళావంతుల ఇళ్ళలో అత్తరు, పన్నీరు, కస్తూరి తాంబూలం వృత్తిలో భాగం. సంగీతం, సాహిత్యం తెలిసినట్టే పరిమళమూ తెలిసిన స్త్రీలు వాళ్ళు. సంస్కరణోద్యమం ఆ స్త్రీలని అమర్యాదకి నమూనాగా నిలబెట్టినప్పుడు వాళ్ళ కళతో పాటు వాళ్ళ వాసన కూడా అనుమానాస్పదమైంది. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రచురిస్తే మరుసటి ఏడు దాన్ని నిషేధించారు. నిషేధం తొలగింది 1947లో. స్త్రీ తన కోరికని తానే చెప్పడం మర్యాద కాదన్న ఆ కాలమే ఇల్లాలి అలంకారాన్ని కూడా తూచింది. జడలో మల్లెలు సరే, ఘాటైన అత్తరు పూసుకుంటే ‘ఏమిటా సింగారం’ అన్న మాట. పారిస్‌లో పచోలీకి జరిగిందే ఇక్కడ కస్తూరికీ జరిగింది. మర్యాద పేరుతో స్త్రీల చేత వదిలించిన ఆ బరువైన వాసనల జాగా ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి ‘మగవాళ్ళ కోసం’ అన్న చీటీ అంటించుకుని విదేశీ సీసా వచ్చి కూర్చుంది.

దళిత స్త్రీల వైపు నుంచి చూస్తే ఈ గీతలు ఇంకా లోతు. గంధపు పేరంటం అన్ని వాకిళ్ళలోనూ జరిగేది కాదు. 2003లో గోగు శ్యామల సంకలనం చేసిన ‘నల్లపొద్దు’ వచ్చాక, స్త్రీ అనే ఒక్క మాటతో అందరి అనుభవాన్నీ చెప్పలేమని మనం ఒప్పుకోక తప్పలేదు. పరిమళాల్లో ‘లెదర్’ అని ఒక ఖరీదైన వాసన ఉంది. 1949 నాటి ‘ఇంగ్లిష్ లెదర్’ మొదలుకుని మగవాళ్ళ సాయంకాలపు పరిమళాల్లో తోలువాసన హుందాతనానికి గుర్తు, కలప పక్కనే దాని చోటు. మన ఊళ్ళలో లందల్లో తోళ్ళు శుద్ధిచేసిన మాదిగల్ని ఆ వాసన పేరు చెప్పే ఊరిచివరికి నెట్టారు. పనిచేసిన ఒంటికి అంటితే అంటరానితనం, పనిచెయ్యని ఒంటికి అద్దితే వ్యక్తిత్వం.

వంటింట్లో ఉన్నదీ ఇదే లెక్క. లవంగం, దాల్చినచెక్క, ఏలకులు, మిరియాలు, జాజికాయ, ధనియాలు. పరిమళం డబ్బా మీది వర్ణన మన పోపులపెట్టెని చూసి రాసినట్టే ఉంటుంది. మసాలా నూరిన ఆడదాని చేతివాసనని ‘వంటింటి కంపు’ అంటారు. బయటికి వెళ్ళేముందు సబ్బుతో రుద్ది పోగొట్టుకోవాలి. వేల రూపాయలు పోసి కొన్న అదే వాసనని మగవాడు బయటికి వెళ్ళేముందు పూసుకుంటాడు. అగరుబత్తి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఇంటి దగ్గర కూచుని, పుల్లల లెక్కన కూలికి బత్తీలు చుట్టే పని ఎక్కువగా స్త్రీలది. వాళ్ళు చుట్టేది వాసన లేని నల్లటి ముడిబత్తి. పరిమళంలో ముంచే పని తర్వాత, ఇంకోచోట.

హైదరాబాదులో ఒక మాల్‌లోని దుకాణంలో నేను గంధం ప్రధానంగా ఉన్న ఒక సీసా అడిగినప్పుడు అక్కడి అమ్మాయి నవ్వుతూ ‘అది జెంట్స్ మేడమ్, సార్‌కా?’ అంది. నాకే అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసి, తన మణికట్టు నా ముందుకి చాపింది. ‘నేనూ ఇదే కొట్టుకుంటా మేడమ్, టెస్టర్‌లోంచి’ అంది నెమ్మదిగా. పొద్దుటినుంచీ కూర్చోకుండా నిలబడే ఆ ఉద్యోగంలో ఆమె అరల గీతని తనంతట తానే దాటేసింది. నేను చదివిన సిద్ధాంతం ఏదీ ఆమెకి నేర్పక్కర్లేదు.

పేర్లతో పెట్టే బొమ్మ కేవలం సరదా అయితే ఇంత చర్చ అక్కర్లేదు. 2022 జూన్‌లో ‘షాట్’ అనే మగవాళ్ళ బాడీ స్ప్రేకి మన దేశంలో ప్రకటనలు వచ్చాయి. ఒకదాంట్లో దుకాణంలో ఒంటరిగా ఉన్న అమ్మాయి వెనక నలుగురు మగవాళ్ళు నిలబడి, మనం నలుగురం, ఉన్నది ఒకటే, ఎవరు కొడతారు అన్న అర్థంలో మాట్లాడుకుంటారు. అమ్మాయి భయంతో వెనక్కి తిరుగుతుంది. వాళ్ళు మాట్లాడేది సీసా గురించట. సామూహిక అత్యాచారాన్ని హాస్యంగా వాడిన ఈ ప్రకటనల మీద నిరసన వచ్చాక కేంద్ర సమాచార ప్రసార శాఖ వాటిని తొలగించమని ఆదేశించింది. 1990లో కిటికీల్లో స్త్రీల కోపం హాస్యం. 2022లో దుకాణంలో స్త్రీ భయం హాస్యం. మధ్యలో ముప్ఫై రెండేళ్ళు. జవాబు చెప్పక్కర్లేని మగవాడి బొమ్మ ఒక్కసారిగా ఇక్కడికి చేరలేదు. సీసా తర్వాత సీసాగా, నవ్వు తర్వాత నవ్వుగా చేరింది.

ఈ బొమ్మకి పునాదిగా చెప్పే ఆ ‘సహజమైన’ కలప కూడా ఇవాళ చాలా సీసాల్లో లేదు. గంధపుచెట్టు ఇప్పుడు ముప్పు ఉన్న జాతుల జాబితాలో ఉంది. ప్రయోగశాలలో తయారైన అణువులే ఎక్కువగా కలప పాత్ర వేస్తున్నాయి. 1970ల్లో వచ్చిన ‘ఐసో ఇ సూపర్’ అనే అణువుని 1988లో మగవాళ్ళ ‘ఫారెన్‌హైట్’లోనూ, 1992లో స్త్రీల ‘ఫెమినితే దు బ్వా’లోనూ పుష్కలంగా వాడారు. రెండో పేరుకి అర్థం కలపలోని స్త్రీత్వం. ఒకే కర్మాగారపు అణువు ఒక సీసాలో మగతనం, ఇంకో సీసాలో ఆడతనం. 1994లో ‘సీకే వన్’ వచ్చాక ఇద్దరికీ ఒకటే అనే సీసాలూ పెరిగాయి. మార్కెట్టు తాను గీసిన గీతని తానే చెరిపి, చెరిపినందుకు కూడా ధర వసూలు చేస్తుంది. దాన్ని విముక్తి అనుకోనక్కర్లేదు. ఆ గీత గీసింది మనుషులే అనడానికి మాత్రం అది సాక్ష్యం.

గంధం మీద, కస్తూరి మీద, లవంగం మీద స్త్రీలకి ఉన్న హక్కుని మనం కొత్తగా అడగక్కర్లేదు. నూరిన చేతుల్లో, నిషేధించిన మెడల్లో, సానివాడల్లో, పోపులపెట్టెల్లో అది ఎప్పటినుంచో ఉంది. రాయాల్సింది ఆ చరిత్ర. పరిమళద్రవ్యాల మీద మనకి ఉన్న పరిశోధన చాలావరకూ రాజులదీ, వర్తకులదీ, కావ్యాల్లో వర్ణనలదీ. గంధం తీసిన స్త్రీలనీ, బత్తీలు చుట్టే స్త్రీలనీ, తోళ్ళవాసనతో బతికిన స్త్రీలనీ అడిగి రాసుకున్నది తక్కువ. వాళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉండగానే ఆ పని మొదలుపెట్టాలి.

మనుచరిత్ర ఘట్టంలో ఒక చిన్న సంగతి నాకు ఎప్పుడూ ఇష్టం. ఆ గాలి ఒక స్త్రీ ఉనికిని తెలిపిందని చెప్పేది కవి. అదే వాసన పీల్చిన ప్రవరుడు ఆడో మగో అనుకోలేదు. ఇక్కడెవరో మనుషులున్నారు అనుకుని అటు నడిచాడు.